ఈసీసీ83 బదులు రష్యా 6ఎన్2పీ-ఈవీ: మొదటి సాకెట్టుకి సరే, ఫాలోవరుకి వద్దు

ముందు హమ్ము (స్పీకరులో వచ్చే కరెంటు మోత) సంగతి చెప్తాను. ఈసీసీ83 అనే పాత వాల్వు (సిగ్నల్ని పెంచే గాజు గొట్టం) స్థానంలో నేను వేసిన రష్యా 6ఎన్2పీ-ఈవీ మీద నాకున్న ఇష్టమంతా ఆ హమ్ము తగ్గినందువల్లే. ప్రీ ఆంప్లిఫయరు ఆన్ చేసి, వాల్యూమ్ సగం దాకా తిప్పి, సూది రికార్డు మీద పెట్టకుండా స్పీకరుకి చెవి ఆనిస్తే ఇప్పుడు సన్నటి ఉస్సు తప్ప ఏమీ వినపడదు. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు 1936 నుంచి సంగీత కళాశాల ప్రిన్సిపాలుగా పనిచేసిన ఊరు మాది. ఆ విజయనగరంలో కూర్చుని ఆయన వయొలిన్‌ని గుంయ్‌మనే మోత వెనకాల వినాల్సి రావడం నాకు ఏళ్ళ తరబడి బాధగా ఉండేది. కమాను తీగ మీంచి లేచాక ఆ నాదం పూర్తిగా ఆరిపోయేదాకా వినపడాలి. ఈ వాల్వు వేశాక వినపడుతోంది.

సెట్టు మా మేనమామది. 70ల్లో ఒక రేడియో మెకానిక్ చేత కట్టించుకున్న మోనో ప్రీ ఆంప్లిఫయరు, రెండు ఈసీసీ83లు. మొదటిది సూది నుంచి వచ్చే నాలుగైదు మిల్లీవోల్టుల్ని పెంచి, ఆర్ఐఏఏ సవరణ (రికార్డు కోసేటప్పుడు తగ్గించిన బాస్‌నీ, పెంచిన ట్రెబుల్‌నీ మళ్ళీ సరిచెయ్యడం) చేస్తుంది. రెండోదాంట్లో ఒక సగం గెయిన్ (సిగ్నల్ని పెంచడం), ఇంకో సగం కాథోడ్ ఫాలోవరు (ఇంకా పెంచకుండా సిగ్నల్ని తర్వాతి సెట్టుకి బలంగా అందించేది). మొదట్నుంచీ ఉన్నవి బెంగళూరు బీఈఎల్ (భారత్ ఎలక్ట్రానిక్స్) వాల్వులు. బీఈఎల్ 1961లో రేడియో వాల్వుల తయారీ మొదలుపెట్టింది. ఇప్పుడు వాటి కోసం పాత రేడియో షాపుల అటకలు వెతకాలి, దొరికినా సగం అరిగిపోయినవే. కొత్తవి స్లొవేకియాలో జేజే వాళ్ళు, రష్యాలో సరాటోవ్ ఫ్యాక్టరీ వాళ్ళు చేస్తున్నారు. 2022 మార్చిలో రష్యా ఎగుమతులు ఆపేసరికి వాటి ధరలు మనకి అందకుండా పోయాయి. నేను సోవియట్ కాలం నాటి పాత స్టాకు వైపు తిరిగింది అప్పుడే. ఒక కొత్త ఈసీసీ83 ధరకి ఇవి మూడు నాలుగు వచ్చాయి.

6ఎన్2పీ గెయిన్‌లో ఈసీసీ83కి దాదాపు సమానం, రెండూ 100కి అటూ ఇటూ. వాల్వు లోపలి భాగాలైన ప్లేట్లు, గ్రిడ్లు, కాథోడ్లు అవే పిన్నుల మీద ఉంటాయి. తేడా హీటరు (కాథోడ్‌ని వేడిచేసే తీగ) దగ్గరే. ఈసీసీ83ని 6.3 వోల్టుల మీద వాడేటప్పుడు 4, 5 పిన్నులు కలిపి ఒక వైపు, 9 ఇంకో వైపు. రష్యా వాల్వుకి హీటరు 4, 5 మధ్యనే. 9వ పిన్ను వాల్వులోని రెండు సగాల (ట్రయోడ్ల) నడుమ ఉన్న రేకుది, దాన్ని ఎర్తుకి ఇవ్వాలి. వైరింగ్ మార్చకుండా గుచ్చితే హీటరు వెలగదు. అదే మీ సెట్టులో 4, 5 మధ్య 12.6 వోల్టులు ఉంటే హీటరు మాడిపోతుంది. నాది 6.3 వైరింగే కాబట్టి రెండు సాకెట్లూ విప్పి, హీటరు తీగలు కొత్తవి వేసి, ఒకదానికొకటి గట్టిగా పురి పెట్టి, ఛాసిస్ మూలలోకి నొక్కి పెట్టాను. మార్చిన సాకెట్టులో మళ్ళీ ఈసీసీ83 పెడితే దాని హీటరుకి చాలినంత కరెంటు అందదు. అందుకే పక్కన రేకు మీద ఎర్ర నెయిల్ పాలిష్‌తో గుర్తు పెట్టాను.

కొన్ని నెలలు హాయిగా నడిచింది. కనపడ్డ వాళ్ళందరికీ ఇదే కొనమని చెప్పాను. పెన్సిలుతో వాల్వు తలమీద తడితే పాత బీఈఎల్ టింగుమని స్పీకరులో మోగేది, ఇది పొడిగా టక్‌మని ఊరుకునేది. పేరు చివరి ఈవీ అంటే ఎక్కువ కాలం మన్నేది, అదురుకి తట్టుకునేది అని. తట్టి చూస్తే అది నిజమే అనిపించింది.

తర్వాత వానాకాలంలో చిటపటలు మొదలయ్యాయి. సెట్టు వేడెక్కిన పది నిమిషాలకి నూనెలో ఆవాలు వేసినట్టు చిటపట, దాని వెంట హమ్ము పొంగుకొచ్చేది. ఆపి చల్లారనిస్తే మళ్ళీ కాసేపు బాగుండేది. మా వైపు తేమ సంగతి తెలిసిందే, పాత కండెన్సర్లు పోయాయేమో అని ఫిల్టరు కండెన్సర్లు మార్చాను. వాల్యూమ్ కంట్రోలు శుభ్రం చేశాను. తేడా లేదు. రెండో సాకెట్టులోని వాల్వు తీసి మొదటి దాంట్లో పెడితే శుభ్రంగా పలికింది, అంటే వాల్వుది తప్పు కాదనుకున్నాను. రెండో సాకెట్టులో కొత్త వాల్వు వేస్తే కొన్ని వారాలు నిశ్శబ్దం, మళ్ళీ అదే చిటపట.

అప్పుడు గంటస్తంభం వైపున్న పెద్దాయన దగ్గరికి పట్టుకెళ్ళాను. పాత మైకు సెట్లన్నీ ఆయన చేతి మీదుగా వెళ్ళినవే. వాల్వు ముట్టుకోకుండా ముందు మీటరు పట్టారు. ఫాలోవరు కాథోడ్ మీద ఒక కొన, హీటరు తీగ మీద ఇంకో కొన.

"152 ఉంది బాబూ. హీటరేటి, ఎర్తుకి కట్టీసున్నావు గదా?"

"ఔను మాస్టారూ, పాతకాలం నుంచీ అలాగే ఉంది."

"ఈసీసీ83కి అది చాలు. 180 దాకా ఓర్చుకుంటాది. ఈ రష్యా దానికి ఎంతో చూసేవేటి?"

డేటా షీటులో ఉంది: 6ఎన్2పీలో హీటరుకీ కాథోడ్‌కీ మధ్య గరిష్ఠంగా 100 వోల్టులే. ఫాలోవరు గ్రిడ్డు ముందు ట్రయోడ్ ప్లేటుకి నేరుగా కలిపి ఉండటంతో కాథోడ్ కూడా ఆ 150 దగ్గరే కూర్చుంటుంది. హీటరు మీది పూత ఆ ఒత్తిడికి మెల్లమెల్లగా లీకవుతుంది. మొదటి సాకెట్టులో కాథోడ్ మీద ఉండేది ఒకటిన్నర వోల్టే కాబట్టి అదే వాల్వు అక్కడ ఏ గొడవా చెయ్యలేదు.

నాకు కోపం వచ్చింది అమ్మినవాళ్ళ మీద. ప్యాకెట్టు మీదా, బిల్లు మీదా "ఈసీసీ83కి నేరుగా బదులు" అని ఉంది. పిన్నుల తేడా కింద చిన్న అక్షరాల్లో రాశారు, ఈ 100 వోల్టుల సంగతి ఎక్కడా లేదు. అడిగితే చాలామంది వాడుతున్నారని జవాబు. వాడొచ్చు. ఫాలోవరు లేని సర్క్యూట్లలో ఏళ్ళు నడుస్తుంది. కానీ దొరకని వాల్వు కోసం తంటాలు పడేవాడికి ఆ ఒక్క అంకె చెప్పడం అమ్మేవాడి బాధ్యత.

రెండో సాకెట్టు వైరింగ్ మళ్ళీ పాతలా మార్చి, కాస్త బలమున్న బీఈఎల్ ఈసీసీ83 ఒకటి దాంట్లో పెట్టాం. మొదటి దాంట్లో 6ఎన్2పీ-ఈవీ. అప్పట్నుంచీ చిటపట లేదు.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ నిశ్శబ్దం అంతా ఈ వాల్వు పుణ్యమే అని నేను చాలామందితో అన్నాను. తర్వాత ఒక దొరికిన మంచి బీఈఎల్ వాల్వుని అదే మొదటి స్థానంలో, హీటరు పిన్నులు దానికి తగ్గట్టు మార్చి, అదే పురి పెట్టిన తీగలతో విని చూశాను. హమ్ములో తేడా చాలా తక్కువ. కొత్త తీగల పని అందులో పెద్ద వాటా. రష్యా వాల్వు గెలిచేది తట్టినప్పుడు మోగకపోవడంలో, ధరలో. అవి కూడా చిన్న విషయాలు కావు. మా వీధిలో రాత్రి పదకొండు దాటాక కరెంటు 250 వోల్టుల దాకా ఎక్కుతుంది, అప్పుడు హీటరు 6.8 దాటుతుంది. ఆ వోల్టేజిలో ఈ వాల్వు ఇంతకాలం చెక్కుచెదరలేదు.

మీ ప్రీ ఆంప్లిఫయరులో కాథోడ్ ఫాలోవరు లేకపోతే, సాకెట్టు విప్పి సోల్డరింగ్ చేసే ఓపిక ఉంటే, ధైర్యంగా కొనండి. ఫాలోవరు ఉండి, ఈసీసీ83 అసలు దొరక్కపోతే, హీటరు సప్లైని ఎర్తు నుంచి విడదీసి రెండు రెసిస్టర్లతో 70 వోల్టుల దాకా ఎత్తొచ్చు. అప్పుడు కాథోడ్‌తో తేడా 80కి దిగుతుంది. మాస్టారు నాకు అదే చెప్పారు. కానీ నా ట్రాన్స్‌ఫార్మరులో హీటరు వైండింగు ఒక కొన లోపలే ఛాసిస్‌కి కలిపేసి ఉంది, దాన్ని విప్పాలంటే పాత వార్నిష్ కాగితం చిరగాలి. అంత సాహసం నేను చెయ్యను. నా దగ్గర బలమున్న బీఈఎల్‌లు ఇంకో రెండు ఉన్నాయి, వాటిని ఫాలోవరుకే దాచుకుంటున్నాను.