జాయినింగ్ బోనస్సా, ఫిక్స్‌డ్ జీతమా, నోటీస్ బైఅవుటా: ఏది అడగడం మేలు?

హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ నుంచి మరో కంపెనీకి మారేవారు హెచ్ఆర్ నోట తరచూ వినే మాట ఒకటుంది: "మీరు అడిగినంత ఫిక్స్‌డ్ ఈ బ్యాండ్‌లో కుదరదండి, కావాలంటే జాయినింగ్ బోనస్ చూస్తాం." (బ్యాండ్ అంటే ఆ హోదాకు కంపెనీ పెట్టుకున్న జీతం పరిధి.) ఎంతో కొంత దక్కిందన్న ఊరటతో చాలామంది అక్కడే సరేనంటారు. ఆ మాట అనేముందు ఒక్క పూట గడువు అడిగి లెక్క వేసుకోవాలి.

ఒకవైపు 20 లక్షల ఫిక్స్‌డ్‌తో పాటు ఒకేసారి ఇచ్చే 3 లక్షల బోనస్, మరోవైపు బోనస్ లేకుండా 21.5 లక్షల ఫిక్స్‌డ్ ఉన్నాయనుకుందాం. ఏటా పెంపు 10 శాతం. మొదటి ఏడాది బోనస్ తీసుకున్నవారు లక్షన్నర ముందుంటారు. రెండో ఏడాది వారి జీతం 22 లక్షలైతే, రెండోవారిది 23.65 లక్షలు. రెండేళ్లు నిండేసరికి ఆ లక్షన్నర తేడా చెరిగిపోయి, ఫిక్స్‌డ్ వైపే మరో 15 వేలు ఎక్కువ తేలుతుంది. మూడేళ్లకు ఆ తేడా దాదాపు 2 లక్షలు. పెంపు, పీఎఫ్, గ్రాట్యుటీ, గృహరుణ అర్హత అన్నీ నెలనెలా వచ్చే జీతాన్ని బట్టి నడుస్తాయి. ఒక్కసారి వచ్చే బోనస్‌కు వాటిలో చోటు లేదు.

ఇక చేతికొచ్చేది ఎంత? జాయినింగ్ బోనస్ జీతం కిందికే వస్తుంది కాబట్టి టీడీఎస్ (కంపెనీయే ముందుగా కోసే పన్ను) పోయాకే ఖాతాలో పడుతుంది. 2025-26 కొత్త పన్ను విధానం స్లాబుల్లో, 75 వేల స్టాండర్డ్ డిడక్షన్ తీసేసి చూస్తే, పై ఉదాహరణలో 3 లక్షల మీద సెస్సుతో కలిపి సుమారు 74 వేలు పన్ను పడుతుంది. మిగిలేది దాదాపు 2.26 లక్షలు.

అసలు జాగ్రత్త పడవలసింది రికవరీ షరతు దగ్గర. "చేరిన 12 నెలల్లోపు ఏ కారణం చేతనైనా ఉద్యోగం ముగిస్తే బోనస్ మొత్తం తిరిగి చెల్లించాలి" అన్న వాక్యం చాలా ఆఫర్ లెటర్లలో కనిపిస్తుంది. "ఏ కారణం చేతనైనా" అంటే కంపెనీయే ప్రాజెక్టు మూసేసి మిమ్మల్ని పంపించినా అందులోకి వస్తుంది. ఉద్యోగం పోయిన నెలలోనే 3 లక్షలు తిరిగి కట్టమనడం ఎంత అన్యాయమో వేరే చెప్పాలా? ఆ వాక్యాన్ని మార్చమని అడగండి: స్వయంగా రాజీనామా చేసినా, దుష్ప్రవర్తన కారణంగా తొలగించినా మాత్రమే వర్తించాలి. రెండోది, పనిచేసిన నెలలను బట్టి తిరిగి ఇవ్వాల్సిన మొత్తం తగ్గాలి. ఏడు నెలలు చేసినవారు మిగిలిన ఐదు నెలల వంతు, అంటే 1.25 లక్షలు ఇస్తే చాలు. మూడోది, పన్ను పోగా చేతికందిన మొత్తం మీదే రికవరీ లెక్కించాలి. లేకపోతే 2.26 లక్షలు అందుకుని 3 లక్షలు కట్టాల్సి వస్తుంది. ఆర్థిక సంవత్సరం మారిపోతే ఆ పన్ను వెనక్కి రాబట్టుకోవడం మరింత కష్టం.

ఇలాంటి షరతులు కోర్టులో నిలవవని స్నేహితులు ధైర్యం చెబుతుంటారు. ఆ భరోసాతో సంతకం చేయకండి. కనీసం మూడేళ్లు పనిచేయకుండా వెళితే 2 లక్షలు చెల్లించాలన్న విజయా బ్యాంక్ నియామక షరతును 2025 మే నెలలో సుప్రీంకోర్టు సమర్థించింది. అది ప్రభుత్వ రంగ బ్యాంకు వ్యవహారమే అయినా, సంతకం చేసిన షరతుకు విలువ ఉంటుందని గ్రహించడానికి చాలు.

నోటీస్ బైఅవుట్, అంటే నోటీసు కాలం పూర్తిచేయకుండా మిగిలిన రోజులకు పాత కంపెనీకి డబ్బు కట్టి బయటపడటం, వీటికి భిన్నమైన అవసరం. 90 రోజుల నోటీసు ఉండి, కొత్త కంపెనీ 30 రోజుల్లో రమ్మంటే ఆ ఖర్చు వారే భరించాలని అడగడం సబబు. అయితే ముందుగా మీరు చెల్లించి, చేరాక బిల్లు పెట్టుకుని తీసుకోవడమే సాధారణ పద్ధతి. దానికీ రికవరీ షరతు ఉందేమో చూడండి. నోటీసు సొమ్ముపై జీఎస్టీ వర్తించదని కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు 2022 ఆగస్టులో సర్క్యులర్ ఇచ్చింది. పాత కంపెనీ తుది లెక్కలో 18 శాతం కలిపితే దాన్ని చూపించి ప్రశ్నించవచ్చు.

రెండేళ్లకు మించి ఉండాలనుకునేవారు ఫిక్స్‌డ్ కోసమే గట్టిగా పట్టుబట్టాలని నా అభిప్రాయం. ఏడాదిన్నరలో పై చదువుకో విదేశానికో వెళ్లే ఆలోచన ఉంటే, రికవరీ గడువు 12 నెలలే అయితే, బోనస్ మేలు. ఫిక్స్‌డ్ నిజంగానే బ్యాండ్ పైకప్పు తాకిందంటే బోనస్ అడగండి, కానీ ఊరికే ఒక అంకె చెప్పకండి. మారడం వల్ల మీకు పోయేదేమిటో చూపించండి: "మా దగ్గర వార్షిక వేరియబుల్ (పనితీరును బట్టి ఇచ్చే సొమ్ము) మే జీతంతో వస్తుందండి. ఏప్రిల్‌లో మీ దగ్గర చేరితే 1.8 లక్షలు వదులుకోవాలి. ఆ మేరకు జాయినింగ్ బోనస్ ఇవ్వగలరా?" ఇలా అడిగితే హెచ్ఆర్‌కు పైవారి అనుమతి తెచ్చుకోవడానికి ఒక ఆధారం దొరుకుతుంది. పాత వేరియబుల్ లెటర్ కాపీ అడిగితే ఇవ్వడానికి సిద్ధంగా ఉండండి.

ఒప్పుకున్న మొత్తం, అది మొదటి జీతంతో పడుతుందా లేక మూడు నెలల తర్వాతా, రికవరీ షరతులో చేసిన మార్పులు, ఇవన్నీ ఆఫర్ లెటర్‌లోనో ఈమెయిల్‌లోనో వచ్చాకే పాత కంపెనీలో రాజీనామా పెట్టండి.