ఈ-మైగ్రేట్ పోర్టల్: యుద్ధం నడిచే దేశానికి వెళ్లే మన వెల్డరుకు ఎంతవరకు అక్కరకొస్తుంది?

కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు వైపు నుంచి వెల్డింగు, ఫిట్టింగు, రిగ్గింగు పనులకు ఫారిన్ వెళ్లే కుర్రాళ్లకు ఈ-మైగ్రేట్ పేరు ఏజెంటు నోట వినడమే గాని, తమ ఫోనులో తెరిచి చూసుకునే అలవాటు తక్కువ. విదేశాలకు పనికి వెళ్లేవాళ్ల కోసం విదేశాంగ శాఖ నడిపే పోర్టల్ ఇది. 2024 అక్టోబరులో కొత్త రూపు, మొబైల్ యాప్ వచ్చాయి. దుబాయి, ఖతార్ వెళ్లేవాళ్లకు దీని ఉపయోగం ఎలాగూ ఉంది. లిబియా, సూడాన్, యెమెన్ లాంటి చోట్లకు, అంటే సర్కారు సైన్యం ఒకవైపు, తిరుగుబాటు దళాలు ఇంకోవైపు, వాళ్ల వెనక బయటి దేశాల విమానాలు, డ్రోన్లు ఉన్న చోట్లకు వెళ్లేవాడికి ఇది ఎంత అండ అన్నదే ఈ సమీక్ష.

ముందు మెచ్చుకోవలసింది ఏజెంటు వివరాలు వెతికే పేజీని. లైసెన్సు నంబరు కొడితే కంపెనీ పేరు, ఆఫీసు చిరునామా, గడువు, లైసెన్సు నడుస్తోందా ఆపేశారా అన్నది కనిపిస్తుంది. నంబరు ఒక్కటే సరిచూసి ఊరుకోకూడదు. నంబరు అసలుదే, దాన్ని చూపించే మనిషి మాత్రం ఆ కంపెనీకి ఏమీ కాడు: మోసం తరచూ ఇక్కడే. పోర్టల్లో ఉన్న ఆఫీసుకే ఫోన్ చేసి, ఫలానా దేశం, ఫలానా ట్రేడు డిమాండు మీ దగ్గర ఉందా అని అడగాలి. ఊళ్లో తిరిగే సబ్ ఏజెంటును చట్టం గుర్తించదు. లైసెన్సున్న ఏజెంటు తీసుకోదగ్గ ఫీజు 30,000 రూపాయలు, దానిపై 18 శాతం జీఎస్టీ, మొత్తం 35,400. అంతకు మించి ఎంత తీసుకున్నా అక్రమమే. బ్యాంకు ద్వారా కట్టి రసీదు పుచ్చుకోవాలి. చేతికిచ్చిన డబ్బుకు రేపు ఫిర్యాదులో రుజువు దొరకదు.

అసలు లోపం పాస్‌పోర్టు దగ్గరుంది. పదో తరగతి పాసవ్వని వాళ్ల పాస్‌పోర్టు ఈసీఆర్, అంటే ఎమిగ్రేషన్ చెక్ అవసరమైనది. వాళ్లు 18 దేశాలకు పనికి వెళ్లాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్సు, అంటే సర్కారు అనుమతి, తప్పనిసరి. ఆ 18లో లిబియా, సూడాన్, దక్షిణ సూడాన్, సిరియా, యెమెన్, ఇరాక్ ఉన్నాయి. కాని మన ఐటీఐ వెల్డరు పది పాసయ్యే ఉంటాడు. అతనిది ఈసీఎన్ఆర్, అంటే ఆ చెక్ అక్కర్లేని పాస్‌పోర్టు. క్లియరెన్సు అక్కర్లేదు కాబట్టి అతని పేరు పోర్టల్లో ఎక్కకుండానే విమానం ఎక్కెయ్యొచ్చు. 2019 జనవరి నుంచి ఈసీఎన్ఆర్ వాళ్లకూ నమోదు తప్పనిసరి చేస్తామన్నారు, 2018 నవంబరులోనే ఆపేశారు. ఇష్టమైతే చేసుకోవచ్చన్న దగ్గరే ఆగింది. నా మట్టుకు ఈ పోర్టల్‌కు తగ్గించాల్సిన మార్కుల్లో సగం దీనికే పోతాయి. చదువుకున్నవాడు తన సంగతి తానే చూసుకుంటాడన్న లెక్క గల్ఫ్ ఆఫీసు ఉద్యోగికి సరిపోతుందేమో, లిబియాలోని బ్రేగా ఆయిల్ రేవులో పైపు అతికే టిగ్ వెల్డరుకు సరిపోదు.

ఎందుకంటే యుద్ధం ముందుగా వచ్చేది మనవాళ్లు పనిచేసే చోటికే. 2011లో లిబియాలో అప్పటి పాలకుడు గడాఫీ సైన్యానికీ తిరుగుబాటుదారులకూ మధ్య చేతులు మారిన ఊళ్లు అజ్దాబియా, బ్రేగా, రాస్ లానూఫ్. అవి రిఫైనరీలు, ఎగుమతి రేవులు ఉన్న ఆయిల్ తీరం. మార్చి 19న విదేశీ విమానాల దాడులు మొదలయ్యేసరికే రోడ్లు తెగిపోయాయి. 2019 ఏప్రిల్‌లో తూర్పు లిబియా సేనాని హఫ్తార్ దళాలు రాజధాని ట్రిపోలీ మీదికి వచ్చాయి, 2020 జనవరిలో ట్రిపోలీ సర్కారు తరఫున తుర్కియే సైన్యాన్ని పంపడానికి సిద్ధపడింది. అదే నెలలో హఫ్తార్ పక్షం ఆయిల్ రేవులు మూసేసింది, సెప్టెంబరు దాకా తెరవలేదు. బాంబు పడకపోయినా పని ఆగుతుంది, పని ఆగితే జీతం ఆగుతుంది. కాబట్టి కాంట్రాక్టులో దేశం పేరు ఉంటే చాలదు, సైటు ఉన్న ఊరి పేరు రాయించుకోవాలి. ఆ ఊరు నుంచి విమానాశ్రయం ఎంత దూరం, దారిలో ఎవరి చెక్‌పోస్టులు అన్నది కంపెనీని అడగాలి. 2020 సెప్టెంబరులో ఏడుగురు భారతీయులు, వాళ్లలో ఆంధ్రులూ ఉన్నారు, ఇంటికి రావడానికి ట్రిపోలీ విమానాశ్రయానికి పోతూ దారిలోనే కిడ్నాప్ అయ్యారు. అప్పటికి లిబియాకు వెళ్లకూడదన్న 2016 మే నాటి నిషేధం అమల్లోనే ఉంది. అప్పట్లో లిబియా వ్యవహారాలు చూసిన మన ఎంబసీ పక్క దేశం ట్యునీసియా రాజధాని ట్యూనిస్‌లో ఉండేది. నిషేధం ఇవాళ ఏ దేశం మీద ఉందో టిక్కెట్టు కొనేముందు విదేశాంగ శాఖ ప్రకటనల్లో చూసుకోవాలి. నిషేధం ఉన్న దేశానికి 'దుబాయి విజిట్ వీసా, అక్కడి నుంచి మారుస్తాం' అన్నాడంటే ఆ ఏజెంటుతో మాట అక్కడితో ఆపెయ్యాలి. ఆ దారిలో పోయినవాడికి పోర్టల్లో కాంట్రాక్టు ఉండదు, ఎంబసీ దగ్గర పేరు ఉండదు.

పేరు ఉంటే ఏమవుతుందో సూడాన్‌లో చూశాం. 2023 ఏప్రిల్ 15న సైన్యానికీ ఆర్‌ఎస్‌ఎఫ్ అనే పారామిలిటరీ దళానికీ పోరు మొదలైన రోజే ఖార్టూమ్ విమానాశ్రయం మూతపడింది. ఎంబసీ ఆన్‌లైన్ ఫారం పెట్టి పేర్లు తీసుకుంది, బస్సుల్లో పోర్ట్ సూడాన్‌కు, అక్కడి నుంచి ఓడల్లో, వాయుసేన విమానాల్లో జెడ్డాకు చేర్చింది. ఆపరేషన్ కావేరి అని పేరుపెట్టిన ఈ తరలింపులో 3,862 మంది బయటపడ్డారు. కాబట్టి ఈసీఎన్ఆర్ వాళ్లు చేరిన వారంలోనే ఎంబసీ వెబ్‌సైట్లో పేరు, పాస్‌పోర్టు నంబరు, సైటు చిరునామా, అక్కడి ఫోను, ఇంటి ఫోను నమోదు చెయ్యాలి. సిమ్ మారిస్తే మళ్లీ మార్చాలి. పాస్‌పోర్టు కంపెనీ దగ్గర పెట్టమంటే ముందే మొదటి, చివరి పేజీలు, వీసా పేజీ ఫోటోలు తీసి ఇంటికి పంపించాలి.

ప్రవాసీ భారతీయ బీమా యోజన చవక: రెండేళ్లకు 275, మూడేళ్లకు 375 రూపాయలు, పన్ను అదనం. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వత వైకల్యం వచ్చినా 10 లక్షలు. కంపెనీ మారినా పాలసీ చెల్లుతుంది. ఈసీఎన్ఆర్ వాళ్లు కూడా తీసుకోవాలి. అయితే ప్రమాద బీమాల్లో యుద్ధం, అంతర్యుద్ధం మినహాయింపుల కింద రావడం మామూలు. సొమ్ము కట్టేముందు ఆ పేజీ చదివించుకోండి. బాంబుకు ఈ బీమా జవాబన్న భరోసాతో వెళ్లొద్దు.

అక్కడ ఇరుక్కుంటే ఈ-మైగ్రేట్ కంటే విదేశాంగ శాఖ ఫిర్యాదుల పోర్టల్ మదదే ముందు. 2015 నుంచి నడుస్తోంది. ఇంటివాళ్లే ఫిర్యాదు పెట్టొచ్చు, నంబరు వస్తుంది, ఎవరి దగ్గర ఆగిందో తెలుస్తుంది. సైటు ఊరు, కంపెనీ పూర్తి పేరు, మేనేజరు ఫోను, కాంట్రాక్టు కాపీ లేకపోతే ఎంబసీవాళ్లు మళ్లీ మళ్లీ అడుగుతారు, రోజులు పోతాయి. మనిషిని రప్పించమని ఒక ఫిర్యాదు, జీతం బకాయికి ఇంకొకటి, వేరువేరుగా పెట్టండి. రెండూ ఒకదాంట్లో రాస్తే మనిషి ఇల్లు చేరగానే ఫైలు మూసుకుపోయి, జీతం సంగతి మళ్లీ మొదటికొచ్చే ప్రమాదం ఉంది.