కర్నూలు నుంచి గోవా శౌరివారి గుడికి బస్సు యాత్ర – ఉపదేశి సార్ సూపర్, టైమింగ్ దండగ

కర్నూల్లో ఎక్కించుకుని పాత గోవాలో పునీత ఫ్రాన్సిస్ శౌరివారి (అదే, సెయింట్ ఫ్రాన్సిస్ జేవియర్) సమాధి ఉన్న గుడి చూపిస్తామని ఒక ట్రావెల్స్ వాళ్ళు ప్యాకేజీ పెట్టినారు, పేరు రాయను లెండి, మాయమ్మకు ఎప్పటిదో మొక్కు ఉంటే ఇద్దరం పోయొచ్చినాం. బస్సు పర్లేదు. ఏసీ తగ్గించప్పా అంటే డ్రైవరు వినలే, ముసలోళ్ళంతా ముసుగు తన్ని కూర్చున్నారు. టిఫిన్ అని ఇచ్చిన ఆ చల్లారిన ఇడ్లీల గురించి మాట్లాడను, మాయమ్మ డబ్బాలో తెచ్చిన ఉగ్గానే చుట్టుపక్కల సీట్లకు కూడా దిక్కయింది.

డబ్బులు గిట్టుబాటయ్యింది మాత్రం గైడుగా వచ్చిన ఉపదేశి (చర్చిలో జపాలు, మతపాఠాలు నేర్పే ఆయన) సార్ వల్లే. హుబ్లీ దాటినాక మైకు పట్టుకున్నాడు చూడండి, ఒక్కరు నిద్రపోతే ఒట్టు! శౌరివారు 1506లో ఇప్పటి స్పెయిన్‌లో ఉన్న నవార్రాలో జేవియర్ కోటలో పుట్టిన దొరబిడ్డ, పారిస్‌లో చదువుకుంటా ఇగ్నేషియస్ లొయోలా సావాసంలో పడి యేసుసభ (జెస్యూట్ గురువుల సంఘం) మొదలుపెట్టినవాళ్ళలో ఒకడై, 1542లో గోవాలో దిగి, వీధుల్లో చిన్న గంట వాయించుకుంటా పిల్లోళ్ళను పోగుచేసి జపాలు నేర్పేవాడంట. తర్వాత తూత్తుకుడి వైపు ముత్యాలు తీసే పరవ జాలర్ల మధ్య తిరిగి, మలక్కా, జపాన్ దాకా పోయినాడు. సముద్రంలో తుఫానుకు చెయ్యిజారిన సిలువను ఒడ్డుకు ఒక పీత కొండెల్లో పట్టుకుని తెచ్చిచ్చిందనే కథ చెప్తా సార్ తన వేళ్ళు పీతలాగా పెట్టి చూపిస్తుంటే పిల్లోళ్ళు మళ్ళీ చెప్పు మళ్ళీ చెప్పు అని ఒకటే గోల. 1552 డిసెంబర్ 3న చైనా ఒడ్డు దగ్గర షాంగ్‌చువాన్ దీవిలో చనిపోతే సున్నం పోసి పూడ్చినారు, నెలల తర్వాత తవ్వితే శరీరం చెడలేదంట, మలక్కా మీదుగా 1554లో గోవా చేరింది. కుడిచెయ్యి మాత్రం 1614లో రోముకు పంపించినారు.

ఇంత చెప్పించి, తీరా ఆ సమాధి ఉన్న గుడి, బోమ్ జీసస్ బసిలికా కాడ గంట కూడా ఆపలే! పూత లేని ఎర్రరాయి గోడలు, లోపల కుడిపక్కన ఎత్తులో ఆయన శరీరం ఉన్న వెండి పేటిక, దాని కింద ఇటలీ నుంచి మూడో కోసిమో దొర పంపిన పాలరాయి పీఠం, 1698లో బిగించినారంట. పీఠం చుట్టూ కంచు పలకల మీద ఆయన జీవితం చెక్కినారు, నేను రెండు పలకలు చూసేలోపే బయట హారన్. శరీరాన్ని దగ్గరగా చూపించేది పదేళ్ళకోసారే కాబట్టి దానికి ఎవుర్నీ అనలేం, కానీ పూజ వినే టైమన్నా ఇయ్యాల కదా, మాయమ్మ మోకాళ్ళ మీది నుంచి లేవకముందే పిలుపులు. అదే జీడిపప్పు అంగడి కాడ ఎంతసేపు నిలిపినారో, కమిషన్ ఉంటాది మరి.

ఐదుకు మూడు ఇస్తున్నా, అవీ సార్‌కే. చేతుల్లేని డ్రెస్సులతో లోపలికి రానియ్యరు, ఆడపిల్లలతో పోయేవాళ్ళు చున్నీ పెట్టుకోండి. అడ్వాన్సు కట్టకముందే గుడి కాడ ఎంతసేపు ఆపుతారో కాయితం మీద రాయించుకోండి.