తెల్లవారుజామున బుల్లెట్, పైఅంతస్తులో నిద్ర: ఆటోనగర్ సైలెన్సరు షెడ్డుపై సమీక్ష

విజయవాడ ఆటోనగర్ అనగానే లారీ బాడీలు, ఇంజిన్ బోరింగ్, టైర్ల రీట్రెడింగ్ గుర్తుకు వస్తాయి గానీ, ద్విచక్ర వాహనాల సైలెన్సర్లు మాత్రమే చూసే చిన్న షెడ్లు కూడా అక్కడి లోపలి వీధుల్లో ఉన్నాయి. అటువంటి ఒక షెడ్డులో నా పాత 350 సీసీ బుల్లెట్‌కు చేయించిన పని గురించి రాస్తున్నాను. షెడ్డుకు బోర్డు లేదు కనుక పేరు ఇవ్వలేను.

నాది రైల్వేలో షిఫ్టు డ్యూటీ. తెల్లవారుజాము నాలుగు గంటల వేళ సత్యనారాయణపురం నుంచి స్టేషనుకు బయలుదేరవలసిన రోజులే ఎక్కువ. బండి సెకండ్ హ్యాండ్‌లో కొన్నది; ముందటి యజమాని కంపెనీ సైలెన్సరు తీయించి, పంజాబ్ సైలెన్సర్ అని అందరూ పిలిచే బోలు గొట్టాన్ని బిగించుకున్నాడు. మా అపార్ట్‌మెంట్ పార్కింగ్‌కు సరిగ్గా పైన, మొదటి అంతస్తులో, ఒక రిటైర్డ్ మాస్టారి పడకగది ఉంది. ఆయన ఒకసారి లిఫ్టు దగ్గర నన్ను ఆపి, "బాబూ, నీకు ఏ రోజు పొద్దుటి డ్యూటీయో మీ ఆవిడకంటే ముందు నాకే తెలుస్తోంది" అన్నారు. నవ్వుతూనే అన్నారు. అయితే ఇటువంటి మాట అసోసియేషన్ మీటింగుకు ఎక్కిన తరువాత నవ్వుతూ ఎవరూ మాట్లాడరు కాబట్టి, అంతకుముందే పని చక్కబెట్టుకోవడం మేలనిపించింది.

ఆ షెడ్డు మేస్త్రీలో నాకు మొదట నచ్చినది ఆయన అడిగిన ప్రశ్న. ఎంతలో కావాలని అడగకుండా, "బండి ఎక్కడ స్టార్ట్ చేస్తారండీ, పైన ఎవరుంటారు?" అన్నాడు. సమస్యంతా నిజానికి అక్కడే ఉంది. సింగిల్ సిలిండర్ ఫోర్ స్ట్రోక్ ఇంజిన్‌లో రెండు చుట్లకు ఒకసారి ఇంధనం పేలుతుంది. నిమిషానికి వెయ్యి చుట్ల వద్ద ఐడ్లింగ్‌లో ఉన్న బుల్లెట్ సెకనుకు ఎనిమిది దెబ్బలు కొడుతున్నదన్నమాట. ఆ బరువైన శబ్దాన్ని మూసిన కిటికీ కూడా సరిగా ఆపలేదు. పైగా చుట్టూ కాంక్రీటే ఉన్న పార్కింగ్‌లో అది స్లాబుకూ గోడలకూ తగిలి మళ్ళీ మళ్ళీ తిరిగివస్తుంది. కంపెనీ సైలెన్సరులో అరలు, రంధ్రాల గొట్టాలు, అడ్డు పలకలు ఉండి ఆ దెబ్బల తీవ్రతను ముక్కలు చేస్తాయి. బోలు గొట్టంలో ఆ ఏర్పాటే ఉండదు. పేరుకు చుట్టిన గ్లాస్‌వూల్ కూడా వాడగా వాడగా కాలి, ఊడి బయటకు పోతుంది. శబ్దం తగ్గించడానికి సైలెన్సరు మూతిలో దూర్చే చిన్న గొట్టం, డీబీ కిల్లర్, చాలదా అని అడిగితే, ఖర్చు తక్కువే గానీ అరలు లేని గొట్టానికి అది పైపూత మందేనని చెప్పి, నాకు దానిని అమ్మజూపలేదు. అమ్మి ఉంటే ఆ పూటకు ఆయనకు శ్రమ లేని లాభం.

షెడ్డులో ఒక మూల కంపెనీ సైలెన్సర్లు గుట్టగా ఉన్నాయి. వాటిలో కొన్నిటి క్రోమ్ మీద గీత కూడా లేదు. కొత్త బండి తీసుకున్న కుర్రవాళ్ళు పీకించి వదిలివెళ్ళినవట. వాటిలోంచి నా మోడల్‌కు సరిపోయేది తీసి, లోపల పలకలు ఊడలేదని తట్టి, ఊపి చూపించి బిగించాడు. సైలెన్సరుకు పొగ తెచ్చే బెండు పైపు ఇంజిన్ హెడ్డును కలిసే చోట, సందు మూసే గాస్కెట్ అరిగిపోయి గ్యాసు కారుతున్నదని, యాక్సిలరేటర్ వదిలినప్పుడు వచ్చే టపటపలకు అదే కారణమని చెప్పి దానినీ మార్చాడు. వదులైన చైను బిగించాడు, ఎక్కువగా ఉన్న ఐడ్లింగ్ తగ్గించాడు. ఈ ఇంజిన్‌లో వాల్వుల సందును ఆయిల్ ఒత్తిడితో తామే సరిచేసుకునే హైడ్రాలిక్ ట్యాపెట్లు ఉంటాయి, వాటికి సెట్టింగ్ ఉండదు. సెట్ చేశానని డబ్బు అడిగేవారిని చూసి ఉన్నాను కాబట్టి, ఆయన వాటి ఊసెత్తకపోవడాన్ని గమనించాను.

ఫలితం బాగుంది, కానీ ఎంతవరకు బాగుందో ఆశలు పెంచకుండా చెప్పాలి. 175 సీసీ దాటిన మోటార్ సైకిళ్ళకు తయారీ దశలో అనుమతించిన శబ్ద పరిమితి 80 డెసిబెల్స్. దానిని ఏడున్నర మీటర్ల దూరంలో కొలుస్తారు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు ఉండవలసిన పరిమితి 45 డెసిబెల్స్. పది డెసిబెల్స్ పెరిగితే చెవికి శబ్దం దాదాపు రెట్టింపైనట్టు ఉంటుందని గుర్తుంచుకుంటే, చట్టబద్ధమైన సైలెన్సరు కూడా నాలుగు గంటలకు ఒకరి కిటికీ కింద ఎంత శబ్దమో తెలుస్తుంది. ఇదే మాటను మేస్త్రీ అంకెలు లేకుండా చెప్పాడు: "సైలెన్సరు నేను మార్చగలను, టైము మార్చలేను కదండీ. గేటు దాకా తోసుకెళ్ళి స్టార్ట్ చేయండి." ఇప్పుడు అలాగే చేస్తున్నాను. మూల తిరిగేదాకా యాక్సిలరేటర్ పెంచడం లేదు, హారన్ జోలికి వెళ్ళడం లేదు. గేటు గొళ్ళెం దగ్గర సైకిల్ ట్యూబు ముక్క చుట్టడం వాచ్‌మన్ ఆలోచన. సైలెన్సరు తరువాత ఎక్కువ మేలు చేసినది అదేనేమో. మాస్టారు కింద ఎదురైనప్పుడు ఈ మధ్య రైళ్ళ ఆలస్యం గురించి మాత్రమే అడుగుతున్నారు.

ఇక లోపాలు. బిల్లు ఇవ్వడు; అడిగితే ఎవరిదో విజిటింగ్ కార్డు వెనుక పెన్నుతో అంకెలు వేసి ఇచ్చాడు. గుట్టలోంచి తీసి బిగించిన సైలెన్సరుకు రాతపూర్వకమైన హామీ ఏదీ లేదు. సైలెన్సరును పట్టి ఉంచే, వెల్డింగ్ చేసిన బ్రాకెట్‌కు రంగు వేయకుండా వదిలేశాడు. మన ఉక్కపోత గాలికి అది తుప్పు పట్టక మానదు. అంతకన్నా నాకు మింగుడుపడనిది మరొకటి. నా పని జరుగుతుండగానే పక్క బండికి అదే బోలు గొట్టాన్ని బిగిస్తున్నారు. తయారీదారు ఇచ్చిన రూపాన్ని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. శబ్ద ప్రమాణాలు మీరి నడిపితే అదే చట్టం 190(2) సెక్షన్ కింద మొదటి తప్పుకే పదివేల రూపాయల వరకు జరిమానా లేదా మూడు నెలల వరకు జైలు ఉండవచ్చు, మూడు నెలలు లైసెన్సు కూడా పోతుంది. ఆ కుర్రవాడికి ఇందులో ఒక్క ముక్క కూడా చెప్పినట్టు లేదు. నా పాత గొట్టాన్ని మేస్త్రీ కొంటానన్నా ఇవ్వకుండా తెచ్చి ఇనుప సామాన్లవాడికి వేశాను.

2020 ఏప్రిల్ తరువాత, బీఎస్ 6 అనే కాలుష్య ప్రమాణాలతో వచ్చిన బండ్లవారు ఈ షెడ్డుకు వెళ్ళమని నేను చెప్పను. వాటి ఎగ్జాస్ట్‌లో ఆక్సిజన్ సెన్సరు, క్యాటలిటిక్ కన్వర్టర్ ఉంటాయి; ఆ పని కంపెనీ సర్వీసు సెంటరులో చేయించుకోవడమే సురక్షితం. కార్బురేటర్ కాలపు బండి ఉన్నవారు మాత్రం నిశ్చింతగా వెళ్ళవచ్చు. ఉదయమే వెళితే మేస్త్రీ స్వయంగా చేస్తాడు. మధ్యాహ్నం దాటితే పని కుర్రవాళ్ళ చేతికి వెళుతుంది, గాస్కెట్ మార్చారో లేదో పక్కన నిలబడి చూసుకోవలసిందే.