పై పోర్షన్‌కి సబ్ డీబీ పెట్టిస్తున్నారా? బెజవాడ వాళ్ళూ కొంచెం ఆగి ఇది చదవండి

మా పటమటలో పాత ఇల్లండి, పైన కొత్తగా పోర్షన్ వేశాం, రెండు ఒకటిన్నర టన్ను ఏసీలు, ఇండక్షన్ స్టవ్, ఇస్త్రీ పెట్టె, మోటారు అన్నీ పైకే వచ్చాయి కాబట్టి పైకి వేరే డీబీ బాక్స్ (కరెంటుని సర్క్యూట్లుగా విడదీసి పంచే పెట్టె, దీన్నే సబ్ డీబీ అంటారు) పెట్టించాం. చేసిన కాంట్రాక్టర్ పేరు రాయట్లేదు. మెటీరియల్, లేబర్ కలిపి 28 వేలు తీసుకున్నాడు, బిల్లు అడిగితే తెల్లకాగితం మీద "సబ్ డీబీ పని మొత్తం" అని ఒకటే లైను, ఏ వైరు, ఎన్ని స్క్వేర్ (వైరు మందం) అనేది ఎక్కడా లేదు.

మొదట 32 ఆంప్స్ ఎంసీబీ (కరెంటు ఎక్కువ లాగితే తనంతట తానే పడిపోయి ఆపేసే స్విచ్) వేశాడు, మే నెల వచ్చేసరికి అది మధ్యాహ్నం పూట పడిపోవడం మొదలైంది. పడదా మరి, ఒక్కో ఏసీకి 8 ఆంప్స్ దాకా, ఇండక్షన్‌కి 9, మిగతావి కలిపితే 35 దాటుతోంది, పైగా ఎంసీబీ రేటింగ్ అనేది 30 డిగ్రీల దగ్గర కట్టిన లెక్క, అంతకంటే వేడెక్కితే ఇంకా తక్కువకే పడిపోద్ది, మన ఎండలకి మెట్ల దగ్గర గోడలో ఉన్న బాక్స్ ఎంత కాగుతుందో మీకు చెప్పక్కర్లేదు. ఫోన్ చేస్తే వచ్చి "ఎంసీబీ చిన్నదైపోయింది సార్, పెద్దది వేస్తే ఇంక పడదు" అని 63 వేసి వెళ్ళిపోయాడు. నిజమే, మళ్ళీ పడలేదు. వైరు కాలిన వాసన మాత్రం వచ్చింది, ముందు పసిగట్టింది మా అమ్మ.

వేరే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి బాక్స్ విప్పిస్తే కింద మీటర్ నుంచి పైకి లాగింది 4 స్క్వేర్ ఎంఎం వైరు. పైపులో వేస్తే అది మోసేది సుమారు 30 ఆంప్స్. 63 ఎంసీబీ అయితే 71 ఆంప్స్ పోతున్నా గంట దాకా పడకూడదు, దాని స్టాండర్డే అంత, అంటే ఎంసీబీ పడేలోపు వైరు వేగిపోద్ది. ఎంసీబీ కాపాడేది ఏసీని కాదండీ, గోడలో ఉన్న వైరుని. వైరు మార్చకుండా ఎంసీబీ పెంచుతా అనేవాడు ఎంత మంచిగా మాట్లాడినా గుమ్మం దగ్గరే ఆపేయండి.

దీనికంటే ఘోరం ఇంకోటి. ఆర్‌సీసీబీకి (కరెంటు లీకై షాక్ కొట్టే పరిస్థితి వస్తే వెంటనే కట్ చేసే స్విచ్) కూడా డబ్బులు తీసుకున్నాడు, బాక్స్‌లో కనిపిస్తోంది కూడా. కానీ టీ బటన్ (దాని మీద T అని ఉండే టెస్ట్ బటన్) నొక్కితే దాని లివర్ కింద పడింది, పైన లైట్లు మాత్రం వెలుగుతూనే ఉన్నాయి! పైన ఒక రూముకి న్యూట్రల్‌ని (కరెంటు తిరిగొచ్చే వైరు) కింద పాత వైరింగ్ న్యూట్రల్‌తో కలిపేశాడట, అలా కలిస్తే కరెంటు తిరిగొచ్చేది ఆర్‌సీసీబీ లోంచి కాదు కాబట్టి లీకేజీ అనుకుని అది పడిపోతూ ఉంటుంది, తప్పు వెతికే ఓపిక లేక ఆర్‌సీసీబీని వదిలేసి ఐసోలేటర్ (బాక్స్‌లో ఉండే మెయిన్ స్విచ్) నుంచి డైరెక్ట్ చేసేశాడు. పిల్లలు తిరిగే ఇల్లు, ఏమనాలి ఇతన్ని.

"డీబీ పెడితే ఇంటి కెపాసిటీ పెరిగిపోద్ది" అని కూడా అన్నాడు. పెరగదు. సర్క్యూట్లు పెరుగుతాయి అంతే, లోడ్ పెంచాలంటే కరెంటాఫీసులో అప్లై చేయాల్సిందే, మీ బిల్లు మీద కాంట్రాక్టెడ్ లోడ్ (మీ ఇంటికి మంజూరైన లోడ్) ఎంతుందో ముందు చూసుకోండి.

ఇప్పుడు 10 స్క్వేర్ వైరు, 40 ఎంసీబీ వేయిస్తున్నాం, గోడలో పాత పైపులో అంత వైరు పట్టక బయట నుంచి 25 ఎంఎం పైపు వేయాల్సొచ్చింది, అది ఎక్స్‌ట్రా ఖర్చు. పాతాయన ఫోన్ ఎత్తట్లేదు. మీరైతే వైరు సైజు, ఎంసీబీ ఆంప్స్, ఆర్‌సీసీబీ 30 మిల్లీ ఆంప్స్ అని కొటేషన్‌లోనే విడివిడిగా రాయించుకోండి, లైసెన్స్ చూపించమనండి, ఎంసీబీ మీద ఐఎస్ఐ మార్క్ కింద సీఎం/ఎల్ నంబర్ (తయారుచేసినవాళ్ళ లైసెన్స్ నంబర్) ఉంటుంది, బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఆ లైసెన్స్ నిజమైనదో కాదో తెలిసిపోద్ది. ఇప్పటికే పెట్టించుకున్నవాళ్ళు ఈరోజే టీ బటన్ నొక్కండి, ఆ బాక్స్ మీద నడిచేవన్నీ ఆగిపోవాలి, ఒక్క బల్బు వెలిగినా మెయిన్ కట్టేసి మంచి ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.