చెక్క బ్లైండ్లకి అడ్వాన్సు కట్టబోతున్నారా? ఒక్క నిమిషం ఆగండి

ఇల్లు కట్టుకుని, కిటికీలకి కొలత ప్రకారం బ్లైండ్లు (గుడ్డ తెరల బదులు వేసే, పైకీ కిందికీ లాగే బద్దల తెరలు) చేయిద్దామనుకుంటున్నవాళ్ళు కాస్త ఓపిగ్గా చదవండి. కొట్టు పేరు మాత్రం అడక్కండి, గొడవ ఇంకా తెమల్లేదు.

మాది అమలాపురం పక్కన, కాలవగట్టు మీద ఇల్లు. వైశాఖంలో గృహప్రవేశం చేశాం. మధ్యాహ్నం రెండు దాటితే పడమటి గదిలో మంచం మీద కూర్చోలేం. అందుకని కొట్టుకి వెళ్తే టేకు రంగు బద్దల బ్లైండ్లు చూపించాడు. "అసలు చెక్కండి, మీ మనవల దాకా ఉంటాయి" అన్నాడు. చూడ్డానికి బాగున్నాయి మరి, ఒప్పుకోవాలి. ఆరు కిటికీలకి చెప్పి, 70 శాతం అడ్వాన్సు కట్టేశాం.

కొలతలకి ఓ కుర్రాడొచ్చాడు. కిటికీకి ఒక్కచోట టేపు పెట్టి, అంకె అరచేతి మీద పెన్నుతో రాసుకున్నాడు. అవునండి, అరచేతి మీదే. పావుగంటలో ఆరు కిటికీలూ అయిపోయాయి. కుర్రాడు చురుగ్గా ఉన్నాడని మా నాన్నగారు మజ్జిగ కూడా ఇప్పించారు.

సరుకొచ్చాక తెలిసింది. పడగ్గది కిటికీ వెడల్పు పైన 47 ముప్పావు అంగుళాలు, కింద 47 పావు. మేస్త్రీ పూతలో ఆ మాత్రం తేడా ఏ ఇంట్లోనైనా ఉంటుంది. వాళ్ళు పై కొలతకి చేసేశారు. పైన పట్టింది గానీ, దించేసరికి బద్దలు రెండు పక్కలా గోడకి రాసుకుపోయి సున్నం రాలింది. గోడ మందంలో బిగించేదైతే పైన, మధ్యలో, కింద మూడుచోట్ల కొలిచి, అన్నిట్లోకీ తక్కువది తీసుకోవాలి. గోడ మీదకి బిగించేదైతే పక్కలకి మూడేసి అంగుళాలు ఎక్కువ పెట్టించుకోవాలి. ఇది నాకు తర్వాత వేరే పనివాడు చెప్పాడు. ఫోన్ చేస్తే కొట్టువాడు ఏమన్నాడో తెలుసా? "కొలత మీరు చూపించినదేగా!" మన దగ్గర కాగితం లేదు, ఆ అరచేయి ఎప్పుడో కడిగేసుకున్నాడు.

వంటింటి కిటికీది ఇంకో తమాషా. దానికి లోపలికి తెరుచుకునే దోమల జాలీ రెక్కలున్నాయి. సందులో బ్లైండు బిగించాక రెక్క తెరవాలంటే ముందు బ్లైండు మొత్తం పైకి లాగాలి. కుర్రాడు రెక్కలు చూశాడు, మేమూ చూశాం, ఎవరికీ తట్టలేదు.

శ్రావణంలో ముసురు పట్టాక అసలు రంగు బయటపడింది. పెట్టెలో బట్టలకే బూజు పట్టే ఊళ్ళు మనవి. బద్దలు మధ్యలో విల్లులా వంగాయి. ఒక బద్ద చివర రంగు పెచ్చు లేచింది. గోరుతో గీకితే పొడి రాలింది. చెక్కపొట్టు అదిమి చేసిన బద్దకి టేకు రంగు పొర అతికించారన్నమాట. అసలు చెక్కైనా ఈ చెమ్మకి వంగకుండా ఉంటుందని పూచీ లేదు. చెక్కలా కనిపించే పీవీసీ బద్దలో, అల్యూమినియమో మనకి నయం. సముద్రం దగ్గరివాళ్ళయితే బ్రాకెట్లూ స్క్రూలూ ఉప్పుగాలికి తట్టుకునే 316 రకం స్టీలువే అడగండి.

బిల్లు కూడా చూడండి. బాత్రూం కిటికీ రెండడుగులు బై మూడడుగులు, అంటే 6 చదరపు అడుగులు. మాకు పదికి వేశారు. "ఏ బ్లైండుకైనా పది అడుగులు కనీసమండి" అట. అడుగు 240 చొప్పున 1,440 కావాల్సింది 2,400 అయింది. ఈ "కనీసం" సంగతి ముందే అడిగి రాయించుకోండి.

పిల్లలున్న ఇల్లయితే బ్లైండుని పైకీ కిందికీ లాగే గొలుసు కిందికి వేలాడనివ్వొద్దు. మా అక్క మనవడు రెండేళ్ళవాడు, ఆ గొలుసు దండలా మెళ్ళో వేసుకుని గిరగిరా తిరుగుతుంటే అక్క కేకేసింది. ఇంకా నాకు గుండె దడ తగ్గలేదు. గొలుసుని గోడకి బిగించే చిన్న క్లిప్పు ఉంటుంది, అడిగి మరీ వేయించండి.

తెరలు కుట్టించుకునేవాళ్ళకి ఒక్క మాట. కిటికీ నాలుగడుగులుంటే గుడ్డ ఎనిమిదడుగుల వెడల్పు పడాలి, అప్పుడే కుచ్చులొస్తాయి. 48 అంగుళాల పన్నా (గుడ్డ వెడల్పు) ఒక్కటే వేసి సరిపెడితే ఆరేసిన తుండులా ఉంటుంది.

"కొలతకి చేయించిన సరుకు వాపసు తీసుకోం" అని కొట్టువాడి పాట. లోపమున్న సరుకుకి ఆ మాట చెల్లదు. జీఎస్టీ బిల్లు పెట్టుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేశాం. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్ళడమే. సరుకు విలువ 5 లక్షల లోపైతే ఫీజు లేదు, రెండేళ్ళలోపు వెయ్యాలి.

ప్రస్తుతానికి పడమటి కిటికీకి రెండు మేకులు కొట్టి, అమ్మ బండారులంక నేత పంచె ఒకటి కట్టింది. ఎండ ఆగుతోంది.