మూడున్నరేళ్ళుగా మా డాబా మీద గ్యాస్ స్మోకర్

మా బావగారు టెక్సాస్‌లో పదేళ్ళుండి 2022 మొదట్లో సామానంతా కంటైనర్‌లో వేసుకుని తిరిగొచ్చారు. విశాఖలో ఫ్లాట్ తీసుకున్నారు. ఆ ఫ్లాట్‌లో ఎక్కడా పట్టని వస్తువు ఒకటి మిగిలింది: నా ఛాతీ ఎత్తున నల్లటి చిన్న బీరువాలా ఉండే ప్రొపేన్ స్మోకర్, అంటే మాంసం, చేపలు పొగలో మెల్లగా వండే గ్యాసు పొయ్యి. "నీకు డాబా ఉంది కదా, తీసుకుపో" అన్నారు. ట్రాలీ ఆటోలో శ్రీకాకుళం తెచ్చి, నలుగురం పట్టి మేడ ఎక్కించాం. మా అమ్మ దాని తలుపు తీసి చూసి, "ఏట్రా ఇది, బీరువాకి గ్యాసు పెడతావా?" అంది.

అప్పటి నుంచి కార్తీక మాసాలు, తుఫాను వానలు తీసేస్తే నెలకి రెండుసార్లయినా వెలిగిస్తున్నాను. ఎవరైనా కొనాలనుకుంటే, లేదా ఎవరైనా మీకూ ఇలాగే అంటగడితే, ముందే తెలిసి ఉండాల్సిన సంగతులు కొన్ని ఉన్నాయి.

లోపల పెద్ద విద్యేమీ లేదు. అడుగున బర్నర్. దాని పైన చెక్క ముక్కలు వేసే ఇనప ట్రే. ఆ పైన నీళ్ళు పోసే గిన్నె. ఆ పైన నాలుగు జాలీలు. నెత్తిన పొగ పోయే కంత. మంట తిండికి తగలదు. చెక్క కుములుతుంది, నీళ్ళు ఆవిరవుతాయి, ఆ వేడిలో పొగలో మాంసం గంటల తరబడి మెల్లగా ఉడుకుతుంది. మామూలుగా 105 నుంచి 135 డిగ్రీల సెల్సియస్ మధ్య నడపాలి. బొగ్గుతో అయితే అరగంటకోసారి లేచి చూసుకోవాలి. దీనికి నాబ్ తిప్పి వదిలేస్తే సరి. నేను కింద హాల్లో క్రికెట్ చూస్తూ మటన్ వండినవాణ్ణి. దీనికి నేనిచ్చే మొదటి మార్కు అందుకే.

మొదటి తలనొప్పి గ్యాసుతోనే వచ్చింది. దానితో వచ్చిన పైపు, రెగ్యులేటర్ అమెరికా సిలిండర్‌కి మరలు తిప్పి బిగించే రకం. మన సిలిండర్ తలకి అది పట్టదు. మన రెగ్యులేటర్ టక్కుమని కూర్చునే రకం కదా. స్టవ్‌లు బాగుచేసే అతన్ని పిలిచి, అతని చేత ఐఎస్ఐ గుర్తున్న ఆరెంజ్ పైపు, మన ఇంటి రెగ్యులేటర్ పెట్టించాను. హోటళ్ళలో వాడే హై ప్రెషర్ రెగ్యులేటర్ పెడితే మంట బాగా వస్తుందని ఒకరిద్దరు సలహా ఇచ్చారు. పెట్టకండి. దీని బర్నర్ తక్కువ ఒత్తిడికి చేసింది.

అసలు చిక్కు గ్యాసు రకంలో ఉంది. అక్కడ సిలిండర్‌లో అమ్మేది దాదాపు అంతా ప్రొపేన్. మన ఎల్పీజీలో ప్రొపేన్‌తో పాటు బ్యూటేన్ బాగా కలిసి ఉంటుంది. అది పూర్తిగా కాలడానికి గాలి ఎక్కువ కావాలి. ఆ సంగతి తెలియక మొదటి రోజు రెండు కోళ్ళు పెట్టాను. మంట పసుప్పచ్చగా లేచింది, మసి కట్టింది, కోళ్ళు కుంపటి మీంచి తీసిన గిన్నె అడుగులా వచ్చాయి. స్టవ్ అతను మళ్ళీ వచ్చి చూసి, "గాలి సాల్లేదు సార్ దీనికి" అని, బర్నర్ గొట్టం మొదట్లో ఉండే గాలి కంత రేకుని స్క్రూ వదులుచేసి ఇంకాస్త తెరిచాడు. మంట నీలానికి తిరిగింది. పది నిమిషాల పని. అది చేయించకుండా "రుచి బాలేదు" అని మూల పడేసేవాళ్ళు చాలామంది ఉంటారని నా అనుమానం.

తలుపు మీదున్న థర్మామీటర్‌ని నమ్మొద్దు. నాది ఫారెన్‌హీట్‌లో 225 చూపిస్తుంటే, అంటే 107 సెల్సియస్, జాలీ దగ్గర డిజిటల్ థర్మామీటర్ పెడితే 125 ఉంది. మాంసంలో గుచ్చే డిజిటల్ థర్మామీటర్ ఒకటి ఆన్‌లైన్‌లో కొనుక్కోండి. అది లేకుండా స్మోకర్ వాడటమంటే గుడ్డెద్దు చేలో పడ్డట్టే.

ఇక చెక్క. కంటైనర్‌లో వచ్చిన హికరీ, ఆపిల్ చెక్క ముక్కల సంచులు రెండు నెలల్లో అయిపోయాయి. తర్వాత అంతా మన చెట్లే. నాకు బాగా కుదిరింది జామ. పెరట్లో కొమ్మలు కొట్టినప్పుడు ముక్కలు చేసి ఆరు నెలలు ఎండనిస్తాను. పొగ తియ్యగా, సాధుగా ఉంటుంది. చేపకీ కోడికీ అదే. కోత మిల్లులో దొరికే మామిడి కూడా మంచిదే, కానీ రంగు, మందు పట్టించిన చెక్క కాకుండా చూసుకోవాలి. సర్కారు తుమ్మ సంగతి తమాషాగా ఉంది. టెక్సాస్‌లో మెస్కీట్ అని పేరు పెట్టి సంచుల్లో అమ్మేది దీని దగ్గరి చుట్టమే. మనం కంపలా నరికి పారేస్తాం. ఘాటు ఎక్కువ, మటన్‌కి రెండు ముక్కలు చాలు. నీలగిరి, వేప జోలికి పోవద్దు. పలాస చుట్టుపక్కల జీడి తొక్కలు చవగ్గా దొరుకుతాయని ఒకాయన ఆశపెట్టాడు. ఆ తొక్కలో ఉండే జీడి నూనె చర్మాన్నే కాల్చేస్తుంది, దాని పొగ తిండికి పట్టించడమేమిటి?

ముక్కల్ని నీళ్ళలో నానబెట్టమని చాలాచోట్ల చెప్తారు. నానబెట్టి చూశాను, పెట్టకా చూశాను. నానినవి ముందు ఆవిరి వదులుతాయి, ఆరాకే పొగ. అంత సంబరానికి నానబెట్టడం ఎందుకు. తెల్లగా దట్టంగా పొగ వస్తుంటే మాంసం పెట్టకండి, చేదెక్కుతుంది. కనిపించీ కనిపించనట్టు లేత నీలంగా మారాక పెట్టాలి. దీనితో వచ్చిన ట్రే పల్చటి రేకు, బర్నర్‌కి మరీ దగ్గర. ముక్కలు కుమలాల్సింది పోయి భగ్గుమనేవి. దాన్ని తీసేసి మా అమ్మ పాత ఇనప మూకుడు, పైన రేకు మూత పెట్టాను. ఆ రోజుతో ఆ గొడవ పోయింది. మూకుడు పోయిందన్న గొడవ మాత్రం ఇంట్లో ఇంకా ఉంది.

ఇప్పుడు అసలు విషయం, తిండి. నా మటుకు నాకు ఈ యంత్రం చేపల కోసమే పుట్టిందనిపిస్తుంది. కానాగంతలు శుభ్రం చేసి, లీటరు నీళ్ళకి అరవై డెబ్బై గ్రాముల ఉప్పు కలిపి గంట ఉంచుతాను. తీసి, తుడిచి, జాలీ మీద ఫ్యాన్ కింద ఆరబెడతాను. పైన వేలు పెడితే బంకగా తగలాలి, అప్పుడే పొగ పడుతుంది. జనవరిలో గంటలో ఆరతాయి, ఆగస్టు ఉక్కలో మూడు గంటలు పట్టిన రోజులున్నాయి. తర్వాత జామ పొగలో గంటంపావు. బంగారు రంగు తిరుగుతాయి. వేడివేడిగా ముల్లు తీసుకుని తినొచ్చు. అంతకన్నా మేలు, సగం పొగ పట్టించి తీసేసి చింతపండు పులుసులో వేయడం. మా ఇంట్లో ఇప్పుడు కానాగంతల పులుసు అంటే అదే. వంజరం ముక్కలు కూడా బాగుంటాయి గానీ తొందరగా ఎండిపోతాయి, ఒక కన్ను వేసి ఉంచాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో వేట నిషేధం కదా, ఆ రెండు నెలలూ చెరువు బొచ్చెతో సరిపెట్టుకుంటాను. పొగ దాని మట్టి వాసనని కొంత కప్పుతుంది. కొంతే.

కోడి విషయంలో ఒక మాట. షాపులో అలవాటుగా స్కిన్ తీసేసి ఇస్తారు, స్కిన్‌తోనే కావాలని ముందే చెప్పాలి. లేకపోతే పైన తోలులా ఎండుతుంది. స్కిన్ ఉన్నా 110 డిగ్రీల్లో వండితే రబ్బరులా సాగుతుంది, 135కి తగ్గొద్దు. తొడలో 74 డిగ్రీలు రాగానే అయిపోయినట్టే. ఎముక దగ్గర, చర్మం కింద గులాబీ రంగు ఉంటుంది, అది పొగ వల్ల. 74 వచ్చింది కాబట్టి భయం లేదు. ఆ సంగతి మా పెదనాన్నకి చెప్పి ఒప్పించలేకపోయాను. "ఎర్రగా ఉంది, ఉడకలేదు" అని ప్లేటు పక్కకి తోసేసి పెరుగన్నం తిన్నారు.

నాటుకోడి మూడుసార్లు పెట్టాను, మూడుసార్లూ చెడింది. కొవ్వు లేని గట్టి మాంసం, ఈ పొడి వేడికి తాడులా అవుతుంది. ముక్కలు కొట్టి నలభై నిమిషాలు పొగ పట్టించి, తర్వాత కుక్కర్‌లో పులుసు పెడితే మాత్రం మళ్ళీ అడుగుతారు.

మటన్‌లో మేక ముందు జబ్బ బాగుంటుంది. 120 డిగ్రీల్లో రెండు గంటలు పొగ. లోపల 70 డిగ్రీల దగ్గర వేడి ఆగిపోతుంది, గంటసేపు కదలదు. మొదటిసారి టెన్షన్ పడి గ్యాసు పెంచేశాను, పైన మాడింది. అదేమీ జబ్బు కాదు, చెమట పట్టిన ఒళ్ళు గాలికి చల్లబడినట్టు మాంసంలోని తడి ఆవిరవుతూ వేడిని తినేస్తుంది. అప్పుడు అరటి ఆకులో చుట్టి, పైన ఫాయిల్ చుట్టి పెట్టాలి. 92, 93 వచ్చేసరికి ఎముక ఊడి చేతికొస్తుంది. మొత్తం ఐదు గంటల పైమాటే. కనుమ నాడు గారెలతో ఆ మటన్ పెట్టినప్పుడు పెదనాన్న కూడా కిక్కురుమనలేదు.

శాకాహారంలో రెండే చెప్తాను. పెద్ద గుండ్రటి వంకాయకి గాట్లు పెట్టి రెండు గంటలు ఉంచి, పచ్చిమిర్చి, చింతపండు, పచ్చి ఉల్లిపాయతో నూరిన పచ్చడి. అమ్మ తీర్పు: "బాగుంది గానీ, కట్టెల పొయ్యిలో కాలిస్తే తొక్క మాడిన రుచి వస్తాది, దీనికి అది లేదు." నిజమే. గ్యాస్ స్మోకర్ పొగ ఎప్పుడూ మెత్తనే. కట్టెలతో నడిచే స్మోకర్ అంత ఘాటు కావాలనుకునేవాళ్ళు నిరాశపడతారు. రెండోది పలాస జీడిపప్పు. కాస్త నెయ్యి, ఉప్పు పట్టించి నలభై నిమిషాలు, మధ్యలో ఒకసారి కలపాలి. బావగారు స్మోకర్ ఇచ్చేసినందుకు బాధపడేది ఈ జీడిపప్పు తిన్నప్పుడే.

లోపాలకి వద్దాం. సన్న మంట పెట్టినా నాది 100 డిగ్రీల కిందికి దిగదు. పనీర్‌కి చల్లటి పొగ పెట్టాలనుకుంటే కుదరదు. తలుపు సందుల్లోంచి పొగ కారుతుంది, పొయ్యిల తలుపులకి వాడే వేడికి తట్టుకునే తాడు అంటించాను, చాలావరకు తగ్గింది. అడుగు కాళ్ళకి తుప్పు. మా గాలిలో ఉప్పు ఉంది మరి. కార్తీకంలో నెల రోజులు కప్పి ఉంచితే తీసేసరికి జాలీలకి ఎర్రగా పట్టేసింది. ఇప్పుడు వాడని నెలల్లో జాలీలకి నూనె రాసి ఇంట్లో పెడుతున్నాను.

గాలి ఇంకో శత్రువు. ఒకసారి సాయంత్రం సముద్రపు గాలికి మంట ఆరిపోయింది. నాకు తెలియలేదు. మంట ఆరితే గ్యాసు దానంతటదే ఆగే ఏర్పాటు ఇందులో లేదు. పైకి వెళ్ళేసరికి గుప్పున వాసన. సిలిండర్ రెగ్యులేటర్ కట్టేసి, తలుపు బార్లా తీసి, పావుగంట ఆగాను. ఎల్పీజీ గాలి కన్నా బరువు, పైకి పోదు, అడుగునే నిలుస్తుంది. అందుకే దీన్ని గదిలో, మెట్ల కింద, గొయ్యిలాంటి చోట పెట్టడం ప్రాణాంతకం. అప్పటి నుంచి పిట్టగోడ మూలకి జరిపాను, వెలిగించేటప్పుడు ముందు తలుపు తీసే వెలిగిస్తాను, ప్రతి అరగంటకీ మంట చూస్తాను. ఆ లెక్కన "నాబ్ తిప్పి వదిలేస్తే సరి" అని పైన రాసింది నేనే కొంచెం వెనక్కి తీసుకోవాలి. కారిన కొవ్వు ట్రే కూడా వాడిన ప్రతిసారీ కడగండి. ఒక్కసారి బద్ధకించాను, అడుగున కొవ్వు అంటుకుని మండింది. పక్క డాబా పిన్నిగారు "బాబూ, మీ మేడ మీద ఏటో కాలిపోతంది, సూడు!" అని కేక వేసేదాకా తెలియలేదు. ఆ కేక ఇప్పటికీ మా వీధిలో జోకే.

ఖర్చు కోసం అడుగుతారు. సిలిండర్‌ని కాటా మీద పెట్టి చూశాను. ఐదు గంటల మటన్‌కి కిలోకి కాస్త తక్కువ ఖర్చయింది. చేపలకైతే మూడొందల గ్రాముల లోపే. వంటింటి సిలిండర్ లాక్కెళ్తే ఇంట్లో యుద్ధమే కాబట్టి ఐదు కిలోల చిన్న సిలిండర్ దీనికే విడిగా పెట్టుకున్నాను, మేడ ఎక్కించడమూ తేలిక.

మన దగ్గర కొత్తది కొనాలంటే దిగుమతి ధర బాగా బరువు. ఫ్లాట్‌లో ఉండేవాళ్ళయితే కొనొద్దు. డాబా ఉండి, చేపలు బాగా తినే ఇల్లయితే, ఎవరి దగ్గరైనా పాతది దొరికితే తీసుకోండి. లేదా వెల్డింగ్ షాపులో పాత ఇనప బీరువాతో చేయించుకోవచ్చు, కాకపోతే లోపలి రంగంతా గీకించి, బర్నర్, పైపు తెలిసినవాళ్ళ చేతే పెట్టించాలి. మొన్న నా స్మోకర్ అడుగు రేకుకి రెండో చిల్లు పడింది. ఆదివారం అదే షాపుకి తీసుకెళ్తున్నాను, ఈసారి స్టీలు రేకు వేయించాలి.